పాఠం 14: రోటరీ ఇంజను – పనిచేసే తీరు, సంరక్షణ

14.1 పరిచయం

వడ్లు దంచే రోకలిని, పప్పు విసిరే తిరగలిని మీరు చూసే ఉంటారు. రోకలి పైకి లేస్తుంది, కిందికి పడుతుంది. ప్రతిసారీ దాన్ని పైన ఒక క్షణం ఆపి, దిక్కు మార్చి, మళ్ళీ కిందికి దించాలి. తిరగలి అలా కాదు. ఒకే దిక్కుగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే రోకటి పోటు వేసేవారికి అదురు ఎక్కువ, అలసట ఎక్కువ.

గత పాఠంలో మీరు చదివిన పిస్టన్ ఇంజను రోకలి వంటిది. దానిలో పిస్టన్ నిమిషానికి కొన్ని వేలసార్లు ఆగి, దిక్కు మార్చుకుంటుంది. ఆ పైకీ కిందికీ కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చడానికి కనెక్టింగు రాడ్డు, క్రాంకు షాఫ్టు కావాలి. వాల్వులను తెరవడానికి, మూయడానికి కామ్ షాఫ్టు కావాలి.

మరి తిరగలిలాగా మొదటినుంచీ తిరుగుతూనే పనిచేసే ఇంజనును తయారు చేయలేమా? ఈ ప్రశ్నకు జవాబే రోటరీ ఇంజను. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ (1902–1988) దీనికి రూపం ఇచ్చాడు కనుక దీనిని వాంకెల్ ఇంజను అని కూడా అంటారు.

మన రోడ్లమీద ఈ ఇంజను అరుదు. కాని బరువు తక్కువగా, శక్తి ఎక్కువగా కావలసిన చోట, ముఖ్యంగా పైలటు లేని విమానాలలో దీనికి స్థానం ఉంది. మన దేశంలో ‘నిశాంత్’ అనే పైలటు లేని విమానం కోసం ప్రభుత్వ పరిశోధన సంస్థలు కలిసి 55 అశ్వసామర్థ్యం గల వాంకెల్ ఇంజనును తయారుచేశాయి. ఆ ఇంజనుతో నిశాంత్ 2009లో కోలార్ వద్ద ఎగిరింది.

ఈ పాఠంలో మీరు ఇంకొక ముఖ్య విషయాన్ని కూడా గమనిస్తారు. యంత్రంలో భాగాలు తగ్గినంత మాత్రాన దాని బాగోగులు చూసే పని తగ్గదు. ఆ పని అంతా ఒకటి రెండు భాగాలమీదికి వచ్చి చేరుతుంది. ఆ భాగాలు ఏవో తెలుసుకున్నవారే ఆ యంత్రాన్ని కాపాడగలుగుతారు.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రోటరీ ఇంజనులోని ముఖ్య భాగాలను పేర్కొనగలుగుతారు;
• అది పనిచేసే విధానాన్ని నాలుగు దశలలో వివరించగలుగుతారు;
• రోటరు, షాఫ్టు వేగాల మధ్య సంబంధాన్ని లెక్కించగలుగుతారు;
• దాని లాభాలను, లోపాలను పిస్టన్ ఇంజనుతో పోల్చగలుగుతారు;
• సంరక్షణ నియమాలను, ప్రతి నియమానికి కారణాన్ని చెప్పగలుగుతారు.

14.3 ముఖ్య భాగాలు

ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకోండి. కింది వివరణ చదువుతూ మీరే పటం గీయండి.

(అ) హౌసింగు: ఇది ఇంజను బయటి గది. రెండు గింజలున్న లావుపాటి వేరుశనగకాయను నిలువుగా పట్టుకున్నట్లు దీని లోపలి ఆకారం ఉంటుంది. నడుము దగ్గర కొద్దిగా లోపలికి నొక్కుకొని ఉంటుంది. ఈ హౌసింగు కదలదు. దీనికి ముందూ వెనుకా చదునైన పక్క పలకలు ఉంటాయి.

(ఆ) రోటరు: హౌసింగు లోపల తిరిగే భాగం. మూడు పక్కలూ కొంచెం ఉబ్బిన త్రికోణంలా ఉంటుంది. దీని మూడు కొనలు ఎప్పుడూ హౌసింగు గోడను అంటిపెట్టుకొనే ఉంటాయి. అందువల్ల రోటరుకు, గోడకు మధ్య మూడు వేరువేరు గదులు ఏర్పడతాయి. ప్రతి పక్కలో ఒక గుంట ఉంటుంది.

(ఇ) వికేంద్ర షాఫ్టు: ఇది ఇంజను శక్తిని బయటికి అందించే ఇరుసు. రోటరు నేరుగా ఇరుసు మధ్యలో కూర్చోదు. ఇరుసుమీద పక్కకు జరిపి అమర్చిన ఒక గుండ్రని దిమ్మమీద కూర్చుంటుంది. అందుకే దీనిని వికేంద్ర షాఫ్టు అంటారు.

(ఈ) పళ్ళచక్రాలు: రోటరు లోపలి అంచుకు పళ్ళు ఉంటాయి. అవి పక్క పలకకు బిగించిన, కదలని ఒక చిన్న పళ్ళచక్రంతో కలిసి ఉంటాయి. రోటరు దారి తప్పకుండా తిరగడానికి ఇవే ఆధారం.

(ఉ) ద్వారాలు, స్పార్కు ప్లగ్గులు: మీ పటంలో ఎడమవైపు నడుముకు పైన గాలి, పెట్రోలు మిశ్రమం లోపలికి వచ్చే ద్వారం గీయండి. దానికి కింద పొగ బయటికి పోయే ద్వారం గీయండి. కుడివైపు నడుము దగ్గర ఒకదాని కింద ఒకటిగా రెండు స్పార్కు ప్లగ్గులు గీయండి. కొన్ని నమూనాలలో ద్వారాలు పక్క పలకలలో ఉంటాయి. ఎక్కడున్నా, వాటిని తెరిచేదీ మూసేదీ రోటరే. కనుక వేరే వాల్వులు అక్కరలేదు.

(ఊ) సీళ్ళు: రోటరు ప్రతి కొనలో ఒక సన్నని గాడి ఉంటుంది. ఆ గాడిలో ఒక పలుచని పట్టీ, దాని వెనుక స్ప్రింగు ఉంటాయి. ఈ పట్టీని కొన సీలు అంటారు. మెకానిక్కులు ఎపెక్స్ సీలు అంటారు. ఇదిగాక రోటరు పక్కలకు పక్క సీళ్ళు, మూలలకు మూల సీళ్ళు ఉంటాయి. ఒక గదిలోని వాయువు మరో గదిలోకి జారిపోకుండా ఆపడమే వీటి పని.

రుబ్బురోలులో పిండి రుబ్బడం గుర్తు చేసుకోండి. పొత్రం రోలు గోడను ఒరుసుకుంటూ చుట్టూ తిరుగుతుంది, తన చుట్టూ తానూ తిరుగుతుంది. రోటరు కదలిక కూడా ఇటువంటిదే.

14.4 పనిచేసే విధానం

రోటరుకు మూడు పక్కలు ఉన్నాయి కదా! వాటిలో ఒక్క పక్కను మాత్రమే గమనిద్దాం. మీ పటంలో రోటరు గడియారపు ముల్లు తిరిగే దిక్కుగా తిరుగుతున్నదనుకోండి.

మొదటి దశ – పీల్చడం (చూషణం): మనం గమనిస్తున్న పక్క ఎడమవైపున పై ద్వారం దగ్గరికి వస్తుంది. రోటరు తిరిగేకొద్దీ ఈ పక్కకు, గోడకు మధ్య గది పెద్దదవుతుంది. గాలి, పెట్రోలు మిశ్రమం లోపలికి వస్తుంది.

రెండో దశ – నొక్కడం (సంపీడనం): వెనుక కొన ద్వారాన్ని దాటగానే గది మూసుకుపోతుంది. పక్క కుడివైపు నడుము దగ్గరికి చేరేకొద్దీ గది చిన్నదవుతుంది. మిశ్రమం నొక్కుకుపోతుంది.

మూడో దశ – మండి వ్యాకోచించడం: ప్లగ్గులు నిప్పురవ్వ ఇస్తాయి. మిశ్రమం మండుతుంది. వేడెక్కిన వాయువు రోటరును బలంగా తోస్తుంది. ఆ తోపు వికేంద్ర షాఫ్టును తిప్పుతుంది. శక్తి పుట్టేది ఈ ఒక్క దశలోనే.

నాలుగో దశ – బయటికి పంపడం (నిష్కాసం): ముందు కొన కింది ద్వారాన్ని దాటగానే మండిన వాయువు బయటికి పోవడం మొదలవుతుంది. గది చిన్నదవుతూ మిగిలిన పొగను కూడా నెట్టివేస్తుంది. ఆ వెంటనే మళ్ళీ మొదటి దశ.

ఇదంతా ఒక్క పక్క సంగతి. అదే సమయంలో మిగిలిన రెండు పక్కలు కూడా వేరువేరు దశలలో ఇదే పని చేస్తుంటాయి.

14.4.1 వేగాల లెక్క

జపానులో తయారైన 13బి అనే రెండు రోటర్ల ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం. దీనిలో కదలని పళ్ళచక్రానికి 34 పళ్ళు, రోటరుకు 51 పళ్ళు ఉంటాయి. 34ను 51తో భాగిస్తే 2/3 వస్తుంది. రోటరు వేగం, షాఫ్టు వేగంలో (1 – 2/3), అంటే 1/3 వంతు. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట.

రోటరు ఒక చుట్టు తిరిగేసరికి మూడు పక్కలూ ఒక్కొక్కసారి శక్తినిస్తాయి. అంటే షాఫ్టు మూడు చుట్లకు మూడు తోపులు. ఒక చుట్టుకు ఒక తోపు. నాలుగు ఘాతాల పిస్టన్ ఇంజనులో ఒక సిలిండరు రెండు చుట్లకు ఒక్క తోపు మాత్రమే ఇస్తుందని గత పాఠంలో చదివారు.

గమనించండి: పేరు ఒకటే, యంత్రాలు రెండు

మొదటి ప్రపంచ యుద్ధం (1914–1918) నాటి కొన్ని విమానాల ఇంజన్లను కూడా రోటరీ ఇంజన్లు అనేవారు. వాటిలో పిస్టన్లు, సిలిండర్లు ఉండేవి. షాఫ్టు కదలకుండా విమానానికి బిగించి ఉండేది. సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి గిరగిరా తిరిగేవి. ఫ్రాన్సులో తయారైన ‘నోమ్’ ఇంజను వాటిలో పేరుపొందినది. పెట్రోలులో సులువుగా కరగదు కనుక వాటికి ఆముదం వాడేవారు. ఆ ఇంజన్లకు, మనం చదువుతున్న వాంకెల్ ఇంజనుకు పేరులో తప్ప పోలిక లేదు.

పాఠగత ప్రశ్నలు 14.1

1. ఖాళీలు పూరించండి.
(అ) రోటరుకు ........ పక్కలు ఉంటాయి.
(ఆ) షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటరు ........ తిరుగుతుంది.
(ఇ) ద్వారాలను తెరిచేది, మూసేది ........
2. షాఫ్టు నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నది. రోటరు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది? రెండు రోటర్ల ఇంజనులో నిమిషానికి మొత్తం ఎన్ని శక్తి తోపులు వస్తాయి?

14.5 లాభాలు, లోపాలు

రెండు రోటర్ల ఇంజనులో ప్రధానంగా కదిలేవి మూడే: రెండు రోటర్లు, ఒక షాఫ్టు. ముందుకు వెళ్ళి వెనక్కు వచ్చే బరువులు లేవు. కనుక అదురు తక్కువ. అదే శక్తినిచ్చే పిస్టన్ ఇంజనుతో పోలిస్తే పరిమాణం చిన్నది, బరువు తక్కువ. ఎక్కువ వేగంతో సాఫీగా తిరుగుతుంది.

ఇక లోపాలు చూద్దాం.

మొదటిది సీలు బలహీనత. పిస్టనుకు ఒకదాని కింద ఒకటిగా రెండు మూడు రింగులు ఉంటాయి. ఒక రింగు దాటి వచ్చిన వాయువును మరొకటి ఆపుతుంది. రోటరు కొన దగ్గర అటువంటి సాయం లేదు. ఒక గదికి, పక్క గదికి మధ్య ఒకే ఒక పట్టీ ఉంటుంది. 13బి ఇంజను తరువాతి నమూనాలలో ఈ పట్టీ మందం సుమారు 2 మిల్లీమీటర్లు. అది గోడను తాకేది ఒక గీత వెంబడి మాత్రమే.

రెండోది నూనె సమస్య. పిస్టన్ ఇంజనులో సిలిండరు గోడకు కిందినుంచి ఆయిలు చిందుతూ అందుతుంది. రోటరీ హౌసింగు గోడకు అలా అందే మార్గం లేదు. అందుకని ఒక చిన్న పంపు కొలత ప్రకారం కొద్దికొద్దిగా ఆయిలును లోపలికి పంపుతుంది. ఆ ఆయిలు సీళ్ళను తడిపి, మిశ్రమంతోపాటు మండిపోతుంది.

మూడోది వేడి సమస్య. పిస్టన్ ఇంజనులో ఒకే సిలిండరు ఒకసారి చల్లని మిశ్రమాన్ని పీలుస్తుంది, ఒకసారి మండుతుంది. రోటరీలో మంట ఎప్పుడూ కుడివైపే. చల్లని మిశ్రమం ఎప్పుడూ ఎడమవైపే. అందువల్ల హౌసింగు ఒక పక్క ఎక్కువగా, ఇంకో పక్క తక్కువగా వ్యాకోచిస్తుంది.

నాలుగోది ఇంధన ఖర్చు. మంట పుట్టే గది పొడవుగా, పలచగా ఉంటుంది. మంట ఆ చివరిదాకా పాకడానికి సమయం పడుతుంది. రెండు ప్లగ్గులు పెట్టడానికి ఇదొక కారణం. అయినా కొంత పెట్రోలు సరిగా మండకుండానే బయటికి పోతుంది. గోడల వైశాల్యం ఎక్కువ కనుక వేడి కూడా ఎక్కువగా నష్టమవుతుంది. 1973లో చమురు ధరలు పెరిగినప్పుడు రోటరీ కార్ల అమ్మకాలు బాగా దెబ్బతినడానికి ఇదే కారణం.

14.6 ఒక పట్టీ – రెండు కంపెనీలు

సన్నని సీలు ఎంత పెద్ద వ్యవహారాన్ని తారుమారు చేయగలదో తెలియాలంటే ఈ ఇంజను చరిత్ర కొంత తెలుసుకోవాలి.

విశ్వవిద్యాలయ పట్టా లేని వాంకెల్ తన ఆలోచనకు 1929లో మొదటి పేటెంటు పొందాడు. జర్మనీలో మోటారుసైకిళ్ళు తయారుచేసే ఎన్.ఎస్.యు. కంపెనీతో కలిసి ఆయన చేసిన మొదటి ఇంజను 1957 ఫిబ్రవరిలో తిరిగింది. దానిలో రోటరుతోపాటు హౌసింగు కూడా తిరిగేది. అంటే ప్లగ్గులు మార్చాలన్నా ఇంజనును విప్పవలసిందే. అదే కంపెనీ ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె హౌసింగును కదలకుండా నిలిపి, రోటరు మాత్రమే తిరిగే ఇంజనును రూపొందించాడు. మనం 14.3లో గీసినది ఆ రూపమే.

1967లో ఎన్.ఎస్.యు. కంపెనీ ‘ఆర్.ఒ. 80’ అనే కారును విడుదల చేసింది. ఐరోపాలో అది 1968 సంవత్సరపు ఉత్తమ కారుగా ఎంపికయింది. అయితే కొద్ది కాలానికే ఫిర్యాదులు మొదలయ్యాయి. దాని కొన సీలును మూడు ముక్కలుగా చేశారు. మధ్య ముక్క, ముఖ్యంగా ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మిగిలినవాటికంటే త్వరగా అరిగిపోయేది. కొన్ని కార్లు 50,000 కిలోమీటర్లు తిరగకముందే ఇంజను పాడైంది. ఇంజను కొత్తది కావడంతో మెకానిక్కులకు కూడా దాని స్వభావం సరిగా తెలియదు. పిస్టన్ ఇంజనుకు అలవాటుపడిన చేతులతోనే దీనినీ చూశారు. ఆర్.ఒ. 80 యజమానులు రోడ్డుమీద ఎదురైతే చేతి వేళ్ళు చూపి, తాము ఎన్ని ఇంజన్లు మార్చారో ఒకరికొకరు చెప్పుకొనేవారని ఒక హాస్యం కూడా పుట్టింది.

వారంటీ కింద ఇంజన్లు మార్చి ఇవ్వడం కంపెనీకి పెద్ద భారమైంది. 1969లో ఆ కంపెనీ ఫోక్స్‌వాగన్ చేతిలోకి వెళ్ళి, ఆడి సంస్థలో కలిసిపోయింది. మధ్య ముక్కను మరింత గట్టి పదార్థంతో చేసి దోషాన్ని సరిదిద్దారు. కాని అప్పటికే పేరు పోయింది. 1977లో ఆ కారు తయారీ ఆగిపోయింది.

ఇదే ఇంజను తయారీకి 1961లో అనుమతి పొందిన మరో కంపెనీ జపానులోని హిరోషిమాలో ఉంది. దాని పేరు అప్పుడు టోయో కోగ్యో, నేటి మాజ్డా. అక్కడ 1963లో కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లతో ప్రత్యేక విభాగం ఏర్పడింది. వారికీ మొదట ఎదురైనది సీలు సమస్యే. కొంతసేపు తిరిగేసరికి హౌసింగు గోడమీద అలల్లాంటి గీతలు పడేవి. వాటిని వారు ‘దయ్యపు గోళ్ళ గీతలు’ అని పిలిచారు.

ఆ గీతలు ఎందుకు పడేవి? నల్లబల్లమీద సుద్దముక్కను నిలువుగా పట్టి గీస్తే ఒక్కోసారి కీచుమంటూ అదిరి, గీతకు బదులు చుక్కల వరుస పడుతుంది. సీలు కూడా అలాగే గోడమీద అదురుతున్నదని గుర్తించారు. సీలు ఆకారాన్ని, పదార్థాన్ని మార్చి చూశారు. చివరకు కార్బన్, అల్యూమినియం కలిపి చేసిన సీలు ఫలితమిచ్చింది. 1967 మేలో ‘కాస్మో స్పోర్ట్’ అనే కారు విడుదలైంది.

ఆ కంపెనీ 1991లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల ఇంజనున్న 787బి కారుతో గెలిచింది. ఆర్.ఎక్స్.-8 అనే రోటరీ కారు తయారీ 2012లో ఆగింది. 2023లో ఒకే రోటరున్న 830 ఘనసెంటీమీటర్ల ఇంజను మళ్ళీ వచ్చింది. ఈసారి అది చక్రాలను నేరుగా తిప్పదు. విద్యుత్తు కారుకు కరెంటు ఉత్పత్తి చేస్తుంది. ఈ కొత్త ఇంజనులో కొన సీలు మందాన్ని 2 నుంచి 2.5 మిల్లీమీటర్లకు పెంచారు. అరవై ఏళ్ళ తరువాత కూడా వారి దృష్టి ఆ పట్టీమీదనే ఉందని గమనించండి.

పాఠగత ప్రశ్నలు 14.2

1. తప్పో ఒప్పో రాయండి.
(అ) రోటరీ ఇంజనులో ఆయిలు కొంత మండిపోవడం ఇంజను చెడిపోయిందనడానికి గుర్తు.
(ఆ) రోటరీ హౌసింగు అన్నివైపులా సమానంగా వేడెక్కుతుంది.
2. రెండు గదుల మధ్య వాయువును ఆపడంలో పిస్టన్ రింగులకు, కొన సీలుకు గల తేడా ఏమిటి?

14.7 సంరక్షణ

కృత్యం: తోలు వాషరున్న పాత సైకిలు పంపును తీసుకోండి. కొంతకాలం వాడకుండా ఉన్నదైతే మరీ మంచిది. గాలి వచ్చే రంధ్రాన్ని బొటనవేలితో మూసి పిడిని నొక్కండి. వాషరు ఎండిపోయి ఉంటే పిడి సులువుగా దిగిపోతుంది. గాలి పక్కలనుంచి జారిపోతుంది. ఇప్పుడు పంపు విప్పి వాషరుకు నాలుగు చుక్కల నూనె పట్టించి మళ్ళీ నొక్కండి. ఏమి తేడా గమనించారు? వాషరు పాతదే. నూనె పొర తోడు కాగానే గాలిని పట్టి నిలిపింది.

రోటరీ ఇంజను సంరక్షణ మొత్తం ఈ చిన్న ప్రయోగంలో ఉంది. సీలు ఒక్కటే వాయువును ఆపలేదు. సీలు, దానిమీది నూనె పొర కలిసి ఆపుతాయి. కింది నియమాలను ఈ దృష్టితో చదవండి.

(1) ఆయిలు మట్టం తరచుగా చూడండి. పెట్రోలు పోయించిన ప్రతిసారీ చూడడం మంచి అలవాటు. పెట్రోలులో ఆయిలు కలిపి నడిపిన పాత రెండు ఘాతాల స్కూటర్లలాగే ఇక్కడ కూడా ఆయిలు ఖర్చు కావడం సహజం. కొన్ని చిన్న రోటరీ ఇంజన్లలో నిజంగానే పెట్రోలులో ఆయిలు కలుపుతారు. ఇంజనులోని ఆయిలే రోటరును లోపలినుంచి చల్లబరుస్తుంది కూడా. కనుక ఆయిలు తగ్గితే సీళ్ళకు, బేరింగులకు, రోటరుకు – మూడింటికీ ముప్పే. తయారీదారు చేతిపుస్తకంలో చెప్పిన రకం ఆయిలునే, చెప్పిన గడువుకు మార్చండి. తీసివేసిన ఆయిలును కాలువలో గాని, నేలమీద గాని పారబోయవద్దు.

(2) చల్లని ఇంజనును వెంటనే ఆపవద్దు. కారును నీడలోకి జరపడానికి స్టార్టు చేసి, పది గజాలు నడిపి ఆపివేయడం పిస్టన్ కారుకు పెద్ద హాని కాదు. రోటరీకి హాని. చల్లని ఇంజనులోకి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. వెంటనే ఆపితే మండని పెట్రోలు లోపలే నిలిచి, సీళ్ళమీది నూనె పొరను కడిగివేస్తుంది. మళ్ళీ స్టార్టు చేసినప్పుడు సంపీడనం చాలదు, ప్లగ్గులు తడిసి ఉంటాయి, ఇంజను అందుకోదు. దీనినే ‘ఫ్లడ్ అయింది’ అంటారు. స్టార్టు చేస్తే ఉష్ణోగ్రత ముల్లు మామూలు స్థానానికి వచ్చేదాకా నడవనివ్వండి. జరపడానికి మాత్రమే అయితే స్టార్టు చేయకుండా నెట్టడమే మేలు.

(3) చల్లని ఇంజనును బలంగా లాగవద్దు. వేడెక్కకముందు సీళ్ళు, గోడ సరిగా సర్దుకోవు. మొదటి కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడపండి.

(4) చల్లబరిచే వ్యవస్థను నిర్లక్ష్యం చేయవద్దు. కూలెంటు మట్టం, గొట్టాలు, ఫ్యాను, రేడియేటరు మూత తరచుగా చూడండి. ఒక్కసారి విపరీతంగా వేడెక్కినా హౌసింగు వంకరపోవచ్చు. దాని అతుకులలోని రబ్బరు సీళ్ళు పాడుకావచ్చు. ముల్లు ఎర్ర గీతవైపు పోతుంటే వెంటనే బండి ఆపండి. వేడిమీద రేడియేటరు మూత తీయవద్దు. ఆవిరి చిమ్మి ఒళ్ళు కాలుతుంది.

(5) ప్లగ్గులను గడువుకు మార్చండి. ముందు మండే ప్లగ్గు, తరువాత మండే ప్లగ్గు కొన్ని నమూనాలలో వేరువేరు రకాలు. ఒకదాని స్థానంలో మరొకటి బిగించవద్దు. విప్పేటప్పుడే వైర్లకు, ప్లగ్గులకు గుర్తులు పెట్టుకోండి.

(6) గాలి వడపోతను శుభ్రంగా ఉంచండి. లోపలికి పోయిన ఇసుక రేణువు సీలుకు, గోడకు మధ్య ఆకురాయిలా పనిచేస్తుంది. దుమ్ము రోడ్లమీద తిరిగే బండికి ఇది మరీ ముఖ్యం.

(7) వేగంలో మితం పాటించండి. ఎప్పుడూ తక్కువ వేగంలోనే నడిపితే గదులలో, సీళ్ళ గాడులలో మసి పేరుకుంటుంది. సీళ్ళు గాడిలో ఇరుక్కుపోతాయి. అందుకని ఇంజను బాగా వేడెక్కిన తరువాత అప్పుడప్పుడు ఎక్కువ వేగానికి తీసుకువెళ్ళడం మంచిది. అయితే ఈ ఇంజను అదరదు కనుక హద్దు దాటినా నడిపేవారికి తెలియదు. మీటరుమీది ఎర్ర గీతను, హెచ్చరిక శబ్దాన్ని గమనించండి.

14.7.1 సంపీడన పరీక్ష

ఇంజను ఆరోగ్యాన్ని చెప్పే అసలైన పరీక్ష ఇది. పిస్టన్ ఇంజనులో ఒక సిలిండరుకు ఒకే అంకె వస్తుంది. రోటరీలో ఒక్కొక్క రోటరుకు మూడు పక్కలు ఉన్నాయి. కనుక మూడు అంకెలు రావాలి.

మామూలు గేజీ తాను చూసిన అన్నింటికంటే ఎక్కువ ఒత్తిడి దగ్గర నిలిచిపోతుంది. ఒక రోటరు మూడు పక్కలలో ఒత్తిడి 7.2, 7.1, 4.0 అనుకుందాం. మామూలు గేజీ 7.2 మాత్రమే చూపుతుంది. మెకానిక్కు ‘ఇంజను బాగుంది’ అంటాడు. యజమాని ప్లగ్గులు, బ్యాటరీ, స్టార్టరు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతాడు. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. మూడు పక్కలనూ విడివిడిగా చూపే రోటరీ టెస్టరుతోనే ఈ పరీక్ష చేయించాలి. వాడిన రోటరీ బండిని కొనేవారు డబ్బు ఇవ్వకముందే ఈ మూడు అంకెలు అడగాలి.

14.7.2 లక్షణాలు – కారణాలు – చేయవలసినది

• నిన్న కొద్దిసేపు నడిపి ఆపారు. ఈరోజు స్టార్టు కావడం లేదు. కారణం: ఫ్లడ్ కావడం. ప్లగ్గులు విప్పి ఆరబెట్టాలి; పెట్రోలు సరఫరా ఆపి ఇంజనును కొద్దిసేపు తిప్పి లోపలి పెట్రోలును బయటికి పోనివ్వాలి; ప్లగ్గు రంధ్రం ద్వారా కొన్ని చుక్కల ఆయిలు వేసి తిరిగి బిగించాలి. పక్కన నిప్పు లేకుండా చూసుకోవాలి. అనుభవం లేనివారు తెలిసిన మెకానిక్కుతోనే చేయించాలి.
• వేడిగా ఉన్నప్పుడు స్టార్టు కావడం కష్టమవుతున్నది. కారణం: సీళ్ళు అరిగి సంపీడనం తగ్గి ఉండవచ్చు. సంపీడన పరీక్ష చేయించాలి.
• వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగడం లేదు, కూలెంటు తగ్గుతున్నది. కారణం: కూలెంటు లోపలికి కారుతూ ఉండవచ్చు. బండి నడపడం ఆపాలి.
• నీలిరంగు పొగ ఎక్కువగా వస్తున్నది. కారణం: ఉండవలసినదానికంటే ఎక్కువ ఆయిలు మండుతున్నది. ఆయిలు సీళ్ళను పరీక్షించాలి.

14.8 మీరు ఏమి నేర్చుకున్నారు?

• రోటరీ ఇంజనులో త్రికోణాకారపు రోటరు తిరుగుతూ పీల్చడం, నొక్కడం, మండడం, బయటికి పంపడం అనే నాలుగు పనులు చేస్తుంది.
• షాఫ్టు మూడు చుట్లకు రోటరు ఒక చుట్టు. షాఫ్టు ఒక చుట్టుకు, ఒక రోటరుకు ఒక శక్తి తోపు.
• భాగాలు తక్కువ, అదురు తక్కువ, బరువు తక్కువ. ఇంధన ఖర్చు, ఆయిలు ఖర్చు ఎక్కువ.
• ఇంజను ప్రాణం కొన సీలులో, దానిమీది నూనె పొరలో ఉంది. సంరక్షణ నియమాలలో చాలావరకు ఆ రెంటినీ కాపాడడానికే.
• ఒక యంత్రానికి సరిపోయిన అలవాటు మరో యంత్రానికి సరిపోకపోవచ్చు. ముందు నిర్మాణం తెలుసుకోవాలి. తరువాతే చేయి వేయాలి.

14.9 పాఠాంత ప్రశ్నలు

1. రోటరీ ఇంజను పనిచేసే విధానాన్ని మీరు గీసిన పటం సహాయంతో వివరించండి.
2. రోటరీ హౌసింగు ఒకవైపే ఎక్కువగా వేడెక్కడానికి కారణం ఏమిటి? దానివల్ల ఏ జాగ్రత్త అవసరమవుతుంది?
3. ‘ఆర్.ఒ. 80’ అనుభవంనుంచి ఒక మెకానిక్కు, ఒక తయారీదారు నేర్చుకోవలసినవి ఏమిటి? ఒక్కొక్కటి మూడు వాక్యాలలో రాయండి.
4. ఒక వ్యక్తి ప్రతి ఉదయం రోటరీ కారును స్టార్టు చేసి, గేటు బయటికి తెచ్చి, ఆపి, కడుగుతాడు. ఆయనకు మీరు ఏమి సలహా ఇస్తారు? కారణంతో రాయండి.
5. మీ ఇంట్లో గాని, మీరు పనిచేసే చోట గాని ఉన్న ఒక యంత్రాన్ని (కుట్టుమిషను, పిండిమర, పంపుసెట్టు వంటిది) గమనించండి. దానిలో అన్నింటికంటే ముందు అరిగిపోయే భాగం ఏది? దానిని కాపాడే నియమాలు మూడు, కారణాలతో రాయండి.

14.10 పాఠగత ప్రశ్నలకు జవాబులు

14.1
1. (అ) మూడు (ఆ) ఒక చుట్టు (ఇ) రోటరు
2. రోటరు 2,000 చుట్లు తిరుగుతుంది. ఒక రోటరుకు షాఫ్టు ఒక చుట్టుకు ఒక తోపు. కనుక రెండు రోటర్లకు 12,000 తోపులు.

14.2
1. (అ) తప్పు (ఆ) తప్పు
2. పిస్టనుకు రెండు మూడు రింగులు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఒకటి దాటిన వాయువును మరొకటి ఆపుతుంది. రోటరు కొన దగ్గర ఒకే సీలు ఉంటుంది. అది అరిగితే ఆపడానికి మరొకటి లేదు.